మట్టి ఎద్దు చక్రం

మన శ్రావణ అమావాస్య దగ్గరపడితే రాయ్‌పూర్ బజార్లలో మట్టి ఎద్దులు బారులు తీరతాయి. కాళ్లకు చక్రాలు, లాగడానికి తాడు. ఛత్తీస్‌గఢీలో వాటి పేరు నందియా బైలా. పక్కనే ఆడపిల్లల కోసం అరచేతిలో పట్టే మట్టి పొయ్యి, తిరగలి, గిన్నెలు. ఊరంతా పోలా పండగ. అదే రోజు తెలుగిళ్లలో పొలాల అమావాస్య. కంద మొక్కకు పసుపు కుంకుమలు పెట్టి, పిల్లలు చల్లగా ఉండాలని అమ్మలు నోచుకునే నోము.

లోపల పూజ ఇంకా కాలేదు. వీధిలోంచి నాలుగేళ్లవాడు పరుగెత్తుకొస్తాడు. "అమ్మా, నా బైలా చక్కా టూట్ అయిపోయింది!"

అమ్మకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే దిగులు. బాబు భాషలు కలిపేస్తున్నాడు, ఇంట్లో తెలుగు మానేసి హిందీయో ఇంగ్లీషో ఒక్కటే మాట్లాడండని ప్లేస్కూలు సలహా. తెలుగు నేల దాటిన ఇళ్లకు ఈ మాట కొత్తేం కాదు.

సలహా తప్పు. పిల్లవాడి వాక్యాన్నే విప్పి చూడండి. బైలా ఛత్తీస్‌గఢీ, చక్కా, టూట్ హిందీ. వాటిని గుచ్చిన దారం మాత్రం తెలుగు: "నా" ముందుంది, క్రియ చివరికొచ్చింది, "అయిపోయింది" ఎక్కడ పడాలో అక్కడే పడింది. వాడికి వ్యాకరణం వచ్చు, చేతికందిన మాట వాడుకున్నాడంతే. "కారు పార్క్ చేసొస్తా" అనే నాన్నను ఎవరూ డాక్టరుకు చూపించరు కదా!

రెండు భాషల మధ్య పెరిగే పిల్లల మాటల్ని ఒక్క భాషలోనే లెక్కపెడితే తక్కువే తేలతాయి. రెంటినీ కలిపి లెక్కించాలి. కొత్త బడిలో కొన్ని వారాలు నోరు విప్పకపోవడమూ మామూలే. ఆ మౌనంలో చెవులు పనిచేస్తుంటాయి.

పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. రెండేళ్లు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలపకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోవడం, నాలుగేళ్లొచ్చినా బయటివాళ్లకు మాట అర్థం కాకపోవడం. అప్పుడు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పరీక్షలు ఉచితం. తెలుగు మానేయడం మాత్రం దేనికీ మందు కాదు.

బడి తొందర భాషతో ఆగదు, పెన్సిల్ దాకా వస్తుంది. మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఐదేళ్లకు త్రికోణం చూసి గీయగలగడం సుమారుగా చేతి ఎదుగుదల వరస. మూడేళ్ల పిల్లల చేత పేజీలకు పేజీలు అక్షరాలు దిద్దించడం చేతికి శిక్షే. మట్టి పిసకడం, తాడు ముడివేయడం, బొమ్మ తిరగలి తిప్పడం ఆ వేళ్లకు అసలైన కసరత్తు. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిందీ ఇదే: మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటే చదువు, వీలైన చోటల్లా ఇంటి భాషే బోధనా భాష. ఐదారేళ్ల పిల్లల కోసం ఛత్తీస్‌గఢ్ 2022లో బాల్‌వాడీలు తెరిచింది.

విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం పూర్తయింది 1931లో. తెలుగు నేలతో ఇంత పాత దారి ఉన్నా ఇక్కడి బడిలో తెలుగుకు పీట దొరకడం కష్టమే. ఇల్లూ వదిలేస్తే ఇక ఫోన్లో అమ్మమ్మతో మాట్లాడేదెవరు?

పూజ దగ్గర్నుంచే అమ్మ అడుగుతుంది. "చక్రం విరిగిపోయిందా? ఎలా విరిగింది?" తప్పు దిద్దినట్టు కాదు, మాట కలిపినట్టు. "చక్రం..." అని మొదలుపెట్టి వాడు ఎదురింటి నోనీ, గుంట, వాన నీళ్లు అన్నీ కలిపి మూడు భాషల్లో కథ అందుకుంటాడు. నోము కథ కాసేపు ఆగుతుంది.