టవర్ దూరం ఎవరు నిర్ణయించాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి, ఫోన్లు మూగబోయాయి. మామూలు రోజుల్లోనూ వజ్రపుకొత్తూరు, మందస, కవిటి పల్లెలకు సిగ్నల్ ప్రాణావసరమే. డయాలసిస్‌కు పలాస బయల్దేరే రోగికి అది కావాలి, వేటకు వెళ్లే మత్స్యకారుడికి కావాలి, రేషను డిపోలోని ఈ-పోస్ యంత్రానికీ కావాలి. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా జాతీయ రహదారి వెంట టవర్ పెడితే కంపెనీకి గిట్టుబాటవుతుంది. తోటల నడుమ విడివిడిగా ఉన్న ఊళ్లకు పెడితే గిట్టదు. పైగా ఆకుల గుబురు తరంగాల బలాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఒక్క టవర్ ఎంత దూరం పనిచేయాలన్నది ఈ తీరానికి చాలా పెద్ద ప్రశ్న. దాని జవాబు అంతర్జాతీయ ప్రమాణాల సమావేశాల్లో తేలుతుంది. అక్కడ ఎక్కువగా కూర్చునేది పరికరాలు అమ్మే కంపెనీలు.

5జీ ప్రమాణాలు రూపుదిద్దుకుంటున్నప్పుడు గ్రామీణ పరీక్షకు తీసుకున్న కొలతల్లో రెండు టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లు. మన పల్లెలకు ఇది సరిపోదని భారత్ పట్టుబట్టింది. పంచాయతీ కేంద్రం దాకా ఫైబర్ వస్తుంది, అక్కడి టవర్ చుట్టూ మూడు కిలోమీటర్ల లోపు పల్లెలన్నిటికీ అందాలి అన్నది ఆ వాదన. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) 2017లో ఆరు కిలోమీటర్ల దూరాన్ని పరీక్షలో చేర్చింది. దూరం పెరిగితే ముందు చతికిలబడేది ఫోనే. టవర్ మాట ఫోన్‌కు వినిపించినా, ఫోన్ మాట టవర్‌ను చేరదు. ఫోన్ పంపే సంకేతం బలాన్ని పెంచే తరంగ రూపాన్ని ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్య కిరణ్ కూచి బృందం అభివృద్ధి చేసింది. దాని ఆధారంగా మన దేశపు ప్రమాణ సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ 5జీఐ అనే సాంకేతికతను ప్రతిపాదించింది. 2021 ఫిబ్రవరిలో ఐటీయూ ఆమోదించిన మూడు 5జీ సాంకేతికతల్లో అది ఒకటి. సంగారెడ్డి జిల్లా కంది ప్రాంగణంలో పుట్టిన పనికి అంత గుర్తింపు దక్కడం చిన్న సంగతి కాదు.

ఆమోదం దొరికింది కానీ అమలు దొరకలేదు. దేశంలోని ప్రైవేటు ఆపరేటర్లు, విదేశీ పరికరాల తయారీదారులు దీన్ని వ్యతిరేకించారు. 2021 డిసెంబరులో 5జీఐ, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే వేదిక ప్రమాణంలో విలీనమైంది. ఐటీయూలో దేశాలు సభ్యులైతే, 3జీపీపీలో ప్రాంతీయ ప్రమాణ సంస్థల ద్వారా చేరినవాళ్లు సభ్యులు, వాళ్లలో ఎక్కువ కంపెనీలే. సాధారణంగా ఏకాభిప్రాయంతో నడిచే ఆ వేదికలో విషయం ఓటు దాకా వెళితే 71 శాతం కావాలి. ఒకే గ్రూపు తన అనుబంధ సంస్థల పేర్లతో వేర్వేరు సభ్యత్వాలు పొందవచ్చు. ఫోన్ కొనేవాడికి, ముఖ్యంగా సిగ్నల్ అందనివాడికి, అక్కడ కుర్చీ లేదు.

ఒకే ప్రపంచ ప్రమాణం ఉంటేనే ఫోన్లు చవకవుతాయని, దేశానికో దారి పడితే మనమే నష్టపోతామని ఆపరేటర్లు అన్నారు. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. అందుకే విలీనాన్ని నేను తప్పుపట్టను. కానీ 2021 చివరికి విలీనం సాధ్యమైనప్పుడు, మొదటే ఆ అవసరాన్ని ఉమ్మడి ప్రమాణంలో కలుపుకోవడానికి అడ్డేమిటి? నిపుణులంతా కంపెనీల్లోనే ఉన్నారు, వాళ్లు కాక ఎవరు రాస్తారన్నది రెండో అభ్యంతరం. రాయనివ్వండి. రాసినవాళ్లే ఆమోదముద్ర కూడా వేయడం దగ్గరే చిక్కు. మైక్రోసాఫ్ట్ పత్రాల ఫార్మాట్ ఓఓఎక్స్‌ఎంఎల్ విషయంలో అది బయటపడింది. దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తించాలా అన్నదానిపై 2007లో జరిగిన ఓటుకు ముందు స్వీడన్ ప్రమాణ సంస్థ కమిటీలోకి కొత్త కంపెనీలు వరసగా చేరాయి. అనుకూలంగా నిలిస్తే మార్కెటింగ్ సాయం ఉంటుందని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు భాగస్వాములకు రాసిన సంగతి వెల్లడైంది. ఒక సభ్యుడు ఒకటికి మించి ఓట్లు వేసినట్లు తేలడంతో స్వీడన్ సంస్థ తన ఓటునే రద్దు చేసుకుంది. మన బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2007లో వ్యతిరేకించింది, 2008లోనూ వెనక్కి తగ్గలేదు. అయినా ఆ ఫార్మాట్ నెగ్గింది. భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనెజువెలా చేసుకున్న అప్పీళ్లను అదే ఏడాది ఆగస్టులో కొట్టేశారు.

ఓడినా ఆ ఓటు విలువైనదే. దేశీయ కమిటీలో విద్యాసంస్థలకు, ప్రభుత్వ విభాగాలకు చోటుంటే పెద్ద కంపెనీకి ఎదురు నిలబడవచ్చని అది చూపించింది. ఇక టవర్ దూరం సంగతికొస్తే, ప్రమాణంలో ఐచ్ఛికంగా మిగిలిన అంశాన్ని చిప్‌లో పెట్టాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. దాన్ని తప్పనిసరి చేయగలిగేది కొనుగోలుదారే. దేశంలో అతిపెద్ద కొనుగోలుదారుల్లో ప్రభుత్వం ఒకటి. బీఎస్‌ఎన్‌ఎల్ 5జీ టెండర్లలో, స్పెక్ట్రమ్ షరతుల్లో గ్రామీణ దూరం నిబంధన రాయాలి. ప్రమాణాల సమావేశాలకు మన విశ్వవిద్యాలయాల ఇంజినీర్లను ప్రజాధనంతో పంపాలి. ఎవరు ఏ వైపు ఓటేశారో ప్రచురించాలి. శ్రీకాకుళం ఎంపీ ఈ మూడింటినీ పార్లమెంటులో అడగాలి.