చోరవిద్యకు చప్పట్లా?

నేర్పును చూచి ముగ్ధులు కావడం మానవ సహజం. అయితే ఆ నేర్పు పరుల ఇంటికి కన్నం వేసినప్పుడు కూడా దానిని మెచ్చుకోవచ్చునా? కంప్యూటర్ యుగంలో ఈ పాత ప్రశ్న యువతరం ముందుకు కొత్త రూపంలో వచ్చింది.

2015 జూన్‌లో అమెరికా టెలివిజన్‌లో మొదలై 2019 డిసెంబరులో ముగిసిన ‘మిస్టర్ రోబోట్’ అనే ధారావాహికకు అనేక దేశాలలో అభిమానులు ఏర్పడ్డారు. దాని సృష్టికర్త శామ్ ఎస్మెయిల్. కథానాయకుడు ఎలియట్ పగలు కంప్యూటర్ భద్రతా సంస్థలో ఉద్యోగి. రాత్రి పరుల కంప్యూటర్లలోకి చొరబడే హ్యాకర్. ఆ పాత్ర ధరించిన రామీ మాలెక్‌కు 2016లో ఎమ్మీ పురస్కారం లభించింది. హ్యాకర్లు వాడే సాధనాలను, ఆదేశాలను ఇందులో చాలవరకు ఉన్నవి ఉన్నట్లే చూపారు. కంప్యూటర్ చదువు చదివేవారిని ఆకట్టుకొన్న గుణం అదే.

వశిష్ఠ గోదావరి ఒడ్డున, సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు కోసం వేచి ఉంటూ, చేతిలోని ఫోనులో ఈ కథ చూస్తున్న ఒక యువకుణ్ణి ఊహించవచ్చు. ఎలియట్ తెలివి అతనికి అబ్బురం. ఒక మహాసంస్థ అధీనంలోని ఋణపత్రాలను రూపుమాపి, సామాన్యులను అప్పుల నుండి విడిపించాలన్న ఎలియట్ బృందం సంకల్పం అంతకన్న ప్రియం. కొబ్బరికి ధర లేకనో, రొయ్యల చెరువులో నష్టం వచ్చో అప్పుల్లో చిక్కుకొన్న కుటుంబాల నడుమ పెరిగినవానికి ఆ భావం కలగడంలో వింత లేదు. ఆ ఆవేదనను చులకన చేయరాదు.

అయితే కథను శ్రద్ధగా చూడాలి. ఋణపత్రాలు నశించిన తరువాత జనం సుఖపడలేదు. రెండవ భాగంలో నగదు అందక సామాన్యులే ఇక్కట్ల పాలవుతారు. గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఎలియట్ ప్రతి తాళాన్నీ కంప్యూటర్‌తోనే తీయడు. తొలి కథాభాగంలోనే బ్యాంకు ఉద్యోగిగా నటించి, ఫోనులో ఒకని సొంత వివరాలు రాబడతాడు.

ఈ కిటుకు కొత్తది కాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’ నాటకంలో శర్విలకుడు చోరవిద్యలో ఆరితేరినవాడు. గోడకు ఏ ఆకృతిలో కన్నం వేస్తే అందంగా ఉంటుందో ఆలోచించి మరీ వేస్తాడు. ఇంత నేర్పు ఉన్నా, నగలు అతని చేతికి చిక్కింది మైత్రేయుని వల్లనే. నిద్రలో ఉన్న మైత్రేయుడు ఎదుట ఉన్నది తన మిత్రుడు చారుదత్తుడే అనుకొని వాటిని తానే అందించాడు. సంగతి తెలిసి వచ్చిన చారుదత్తుడు మొదట కన్నం అందాన్ని మెచ్చుకొన్నాడు! పోయిన నగలు వసంతసేన నమ్మి దాచినవి. భర్త పరువు నిలపడానికి తన రత్నహారాన్ని వదులుకొన్నది మాత్రం ఇల్లాలు ధూత.

కోనసీమ నుండి ఎందరో స్త్రీలు గల్ఫ్ దేశాలకు వెళ్ళి, ఇళ్ళలో పనిచేసి డబ్బు పంపుతుంటారు. ఆ డబ్బు ఇంటి వద్ద ఉన్న ముసలితల్లి ఖాతాలో ఉంటే, ‘బ్యాంకు నుండి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి’ అనే ఒక్క ఫోను చాలు. మైత్రేయుని వలె ఆమె కూడా నమ్మి అందించవచ్చు. 2020లో వచ్చిన ‘జామ్‌తారా’ హిందీ ధారావాహిక ఇటువంటి ఫోను మోసాలనే చిత్రించింది. ఇట్లా మరొకరి పేరుతో నటించి కంప్యూటర్, ఫోను ద్వారా మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టంలోని 66-డి సెక్షను కింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫోను చేస్తే, డబ్బు మరింత దూరం పోకుండా నిలిపే అవకాశం ఉంటుంది.

హ్యాకింగ్ స్వతహాగా నింద్యమైన విద్య కాదు. యజమాని అనుమతితో లోపాలను వెదకి చెప్పేవారికి సంస్థలు మంచి వేతనాలిస్తున్నాయి. అనుమతి లేని చోట అదే విద్య చౌర్యమవుతుంది. అభిమాని ఎలియట్ తెలివిని మెచ్చుకోవచ్చు. దానినుండి నేర్చిన మెలకువను ఇంట్లోని అమ్మమ్మకు విడమరచి చెబితే ఆ అభిమానం సార్థకమవుతుంది. కన్నం అందాన్ని చూసిన కళ్ళు ధూత బోసిమెడను కూడా చూడాలి.