పాత కారు మరమ్మతు ట్యాంకునుండి మొదలుపెట్టవలెను

నిలిచిపోయిన ప్రతి బండియు చెడిపోయిన బండి కాదు. ఈ మాటను సంఘ సభ్యులకు ముందుగా మనవి చేయుచున్నాము. జంగారెడ్డిగూడెము మెట్టలో పొగాకు బ్యారనుల ప్రక్కను, తాడేపల్లిగూడెము వైపు కొబ్బరితోటలలోను, కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువుల గట్లమీదను పాత అంబాసడరు కార్లు, పెట్రోలు జీపులు టార్పాలిను క్రింద పడియుండుట మాకు తఱచుగా కనుపించుచున్నది. యజమానిని అడిగినచో “ఇంజను పోయినదండి, పాత ఇనుమువాడు వచ్చినప్పుడు ఇచ్చివేయుదము” అని బదులు చెప్పును. ఆ బండ్లలో పెక్కింటికి ఇంజను పోలేదనియు, పెట్రోలు వచ్చు త్రోవ మాత్రమే పూడిపోయినదనియు మా అభిప్రాయము. ఆ త్రోవను రైతు తన యింటనే శుభ్రపఱచుకొనగలడు. అయితే ఎచ్చట మొదలుపెట్టవలెనో, ఎచ్చట ఆగవలెనో తెలిసియుండవలెను.

అంబాసడరు కారు 1957వ సంవత్సరము మొదలుకొని 2014 వఱకు వంగదేశమందలి ఉత్తరపారాలో తయారైనది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. మన గ్రామములలో ఇది పెండ్లివారిని మోసినది, కాన్పునకు ఆడపడుచులను ఆసుపత్రికి చేర్చినది, అవసరము వచ్చినపుడు ఎరువు బస్తాలను సయితము మోసినది. దీని పాత పెట్రోలు ఇంజనులో కంప్యూటరు లేదు; నాలుగు స్పానరులతో విప్పి చూడదగినది. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున నిజాముగారి 1912నాటి రోల్సురాయిసు కారు నేటికిని ప్రదర్శనమందున్నది. అట్టి కార్లను కనిపెట్టుకొనుటకు పనివారుందురు. రైతు షెడ్డులోని కారునకు రైతే దిక్కు.

ఇక అసలు సంగతికి వత్తము. బండి కదలనపుడు మనవారు చేయు మొదటి పని కార్బురేటరును విప్పించుట. దానిని కడిగి బిగించినంతనే ఇంజను పలుకును. సంతోషించి ఊరిలో ఒక చుట్టు తిప్పుదురు. మూడవ నాడు మరల ఆగిపోవును. మరల విప్పుట, మరల కడుగుట, మరల కూలి. దీనికి కారణము సులభముగా గ్రహింపవచ్చును. ఎఱ్ఱకాలువ క్రింద సేద్యము చేయు రైతు తూమువద్ద పూడికను విడిచి, చేని బోదెను మాత్రము త్రవ్వునా? త్రవ్వినను పైనుండి వచ్చు మన్ను బోదెను మరల పూడ్చును. ట్యాంకు తూమువంటిది, కార్బురేటరు చివరి బోదెవంటిది. ట్యాంకులోని తుప్పును విడిచి కార్బురేటరును ఎన్నిమార్లు కడిగినను ఆ కూలి నీటిపాలే. కావున ట్యాంకు, గొట్టములు, పంపు, కార్బురేటరు, ఈ వరుసనే పని జరుగవలెను.

పనికి ముందు అగ్ని విషయము చెప్పవలసియున్నది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోక నేలమీద ప్రాకి పల్లములందు నిలుచును. దూరమున వెలుగుచున్న పొయ్యినుండి యైనను అది అంటుకొనగలదు. కావున పని మూసిన షెడ్డులో గాక బయలున చేయవలెను. మొదట బ్యాటరీ తీగలు విప్పి బ్యాటరీని దూరముగా పెట్టవలెను. చుట్ట, బీడీ, పొయ్యి దగ్గఱ ఉండరాదు. పొడితో ఆర్పు సిలిండరొకటి చేతికందునట్లుంచవలెను. గొట్టమును నోట పెట్టి పెట్రోలు పీల్చు అలవాటు పల్లెలలో గలదు. అది మిక్కిలి చెడ్డది. గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తీసిన పెట్రోలును మంచినీళ్ల సీసాలలో ఎన్నడును పోయరాదు.

ట్యాంకు అడుగున బిరడా యున్నచో దానిద్వారా, లేనిచో చేతిపంపుతో పాత పెట్రోలును తీసివేయవలెను. పెట్రోలు ధాన్యమువలె ఏండ్లు నిలువయుండునది కాదు. కొన్ని నెలలకే చెడుట మొదలుపెట్టి జిగురుగా మాఱును, వార్నీషు వాసన కొట్టును. పిమ్మట ట్యాంకును దింపి సబ్బునీటితో పలుమార్లు కడుగవలెను. వాసన తగ్గిన తరువాత సబ్బునీటితో పాటు గుప్పెడు చిన్న నట్లను లోపల వేసి బాగుగా కుదుపవలెను. వానిని లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయవలెను. తుప్పు ఇంకను మిగిలినచో లీటరు నీటికి సుమారు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక రాత్రి నింపియుంచి, మఱునాడు వంటసోడా నీటితో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టవలెను. తడి యున్న యినుము గంటలోనే మరల తుప్పుపట్టును. కావున ఆరినంతనే కొంచెము నూనె లోపల త్రిప్పి వంపివేయవలెను.

గొట్టములను సైకిలు పంపుతోనైనను ఊది చూడవలెను. లోహపు గొట్టము బాగున్నచో ఉంచుకొనవచ్చును. రబ్బరు గొట్టములను మాత్రము, పైకి బాగుగా కనుపించినను, మార్చివేయుటయే మంచిది. తోటకు నీరుపెట్టు ప్లాస్టికు గొట్టము ఇచ్చట పనికిరాదు. అది మెత్తబడి, ఇంజను వేడికి జాఱి, పెట్రోలును ఇంజనుమీద కురిపించును. పంపునకు ముందు ఒక చిన్న ఫిల్టరును బిగించినచో మిగిలిన మడ్డి అచ్చటనే ఆగును.

ఇంజను ప్రక్కనున్న పంపును మనవారు ఏసీ పంపు అందురు. దీనిలో డయాఫ్రమనెడు పలుచని పొర గలదు. అది చినిగినచో పెట్రోలు ఇంజను ఆయిలులోనికి దిగును. ఆయిలు పలుచనై బేరింగులు అరిగిపోవును. కావున ఇంజను త్రిప్పుటకు ముందే డిప్‌స్టిక్కును తీసి వాసన చూడవలెను. పెట్రోలు వాసన కొట్టినను, ఆయిలు మట్టము హెచ్చినను, ఆయిలంతయు మార్చి, పంపునకు క్రొత్త డయాఫ్రము వేయవలెను. ఈ యొక్క పరీక్షను విడిచినందువలన, పోని ఇంజను నిజముగా పోవచ్చును.

చివరకు కార్బురేటరు. విప్పునపుడు ప్రతి మెట్టునకు సెల్‌ఫోనుతో ఫోటో తీసికొని, భాగములను వరుసగా పళ్లెములో పేర్చుకొనవలెను. జెట్లలో తీగను దూర్చరాదు. జెట్టు ఇత్తడిది, దాని రంధ్రము వెంట్రుకవాసి పెరిగినను పెట్రోలు ఎక్కువగా త్రాగి నల్లని పొగ విడుచును. క్లీనరుతో నానబెట్టి, గాలితో ఊదుటయే సరియైన పద్ధతి. ఫ్లోటును చెవియొద్ద ఊపి చూడవలెను. లోపల పెట్రోలు చప్పుడైనచో అది చిల్లిపడినదని తెలిసికొనవలెను. గాస్కెట్లు క్రొత్తవి వేయవలెను. అంతయు బిగించిన పిదప కొంచెము పెట్రోలు పోసి, పంపుకు చేతి మీట యున్నచో దానితో కొట్టి, ప్రతి జాయింటును తడిమి చూచి, చుక్కయైన కారుట లేదని నిశ్చయించుకొన్న తరువాతనే బ్యాటరీ తగిలింపవలెను.

నేటి పెట్రోలునుగూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. 2003వ సంవత్సరమున నూటికి 5 పాళ్లతో మొదలైన ఇథనాలు కలుపుట 2022 జూనునకు 10 పాళ్లకు, 2025నకు 20 పాళ్లకు చేరినది. ఈ ఇథనాలు చెఱకునుండి, నూకలనుండి, మొక్కజొన్ననుండి తయారగుచున్నది. మొక్కజొన్న మన మెట్టపంట. కనుక రైతు దీనికి విరోధి కానక్కరలేదు. తన పంటకు మరియొక గిరాకి పెరిగినందుకు సంతోషింపవచ్చును. అయితే 2023 ఏప్రిలునకు ముందటి బండ్లు, అందును పాత అంబాసడరులు, ఈ మిశ్రమమునకై తయారైనవి కావు. ఇథనాలు పాత రబ్బరును ఉబ్బించి పగుల్చును. అది నీటిని పీల్చును. నీరు హెచ్చైనచో పెట్రోలునుండి విడిపోయి ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టించును. కొల్లేటి తేమగాలిలో సగము ఖాళీగానున్న ట్యాంకు దీనికి అనువైన చోటు. మైలేజి కూడ కొంత తగ్గును. ఇథనాలు లేని పెట్రోలునకై తయారైన కార్లకు నూటికి 6 లేక 7 పాళ్లు తగ్గునని 2021లో నీతి ఆయోగు నివేదికయే అంచనా వేసినది. దీనికి పరిహారము రెండు మాటలలో నున్నది: ఇథనాలుకు తట్టుకొను రబ్బరును వేయుట, బండిని నెలల తరబడి కదలింపక పెట్రోలుతో నిలువయుంచకుండుట.

ఇంటిపనికి హద్దులు గలవు. చిల్లిపడిన ట్యాంకును వెల్డింగునకు ఊరి దుకాణమునకు మోసికొనిపోవలదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము; లోపలి ఆవిరి ఒక్క నిప్పురవ్వకు బాంబువలె ప్రేలును. అది తెలిసి సిద్ధపఱచు నేర్పు గలవాడే ఆ పని చేయవలెను. లేనిచో వేఱు ట్యాంకు కొనుట మేలు. డీసెలు ట్రాక్టరుల విషయమున ట్యాంకు, ఫిల్టరు, గాలి తీయుట వఱకే రైతు పని. ఇంజెక్షను పంపును, నాజిలులను పరీక్షాయంత్రము గల దుకాణమునకే పంపవలెను. నాజిలు చిమ్ము డీసెలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును; గాయము చిన్నదిగా కనుపించినను వెంటనే వైద్యునికి చూపవలెను.

“ఇదంతయు రైతు చేసినచో మెకానికు బ్రదుకెట్లు?” అని కొందఱు అడుగవచ్చును. విద్య వలసిన పని మెకానికునకు ఎప్పుడును గలదు. ఒకే తుప్పును పదిసార్లు కడిగించుకొని రైతు విసిగి, బండిని ఇనుపధరకు అమ్మినచో మెకానికునకును ఆ గిరాకి పోవును. మఱికొందఱు “పాత బండిమీద డబ్బేల?” అందురు. ఇది న్యాయమైన ప్రశ్న. ముందు కాగితములు చూచుకొనవలెను. 15 సంవత్సరములు దాటిన సొంత కారునకు రిజిస్ట్రేషను తిరిగి చేయింపవలెను. 50 సంవత్సరములు దాటిన బండ్లను ప్రాచీన వాహనములుగా నమోదు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము వేఱు నియమములు చేసినది. అట్లు నమోదైన బండిని నిత్యపు పనులకు రోడ్డుపై నడుపరాదు. ఇవి విచారింపక ఖర్చు పెట్టుట మేము మెచ్చము.

ఇందు సంఘమునకు కర్తవ్యము గలదు. 1904నాటి సహకార ఋణసంఘముల చట్టమునకు మూలము, ఒక్కడు మోయలేని భారమును పదిమంది కలిసి మోయగలరను నమ్మకమే. మంచి స్పానరుల పెట్టె, చేతిపంపు, అగ్ని నార్పు సిలిండరు ఒక్కొక్క రైతు కొనుట వృథా. సంఘము ఒక జత కొని, పుస్తకములో వ్రాసికొని, సభ్యులకు వంతులవారీగా ఇచ్చినచో చాలును. మంచి రబ్బరు గొట్టమును చుట్టలుగా తెప్పించి మీటరుల లెక్కన అమ్మవచ్చును. ఇదే సామాను పంపుసెట్లకును, స్ప్రేయరులకును ఉపయోగించును గనుక వ్యర్థము కాదు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమును కోరుచున్నాము. అంతవఱకు సభ్యులు పాత ఇనుమువానికి మాట ఇచ్చుటకు ముందు ఒక్కసారి ట్యాంకు మూత తీసి వాసన చూచి, అడుగున తుప్పు ఎంత యున్నదో పగటి వెలుగులో పరికింతురుగాక. అగ్గిపుల్ల మాత్రము వెలిగింపవలదు.