విప్లవం గద్దెనెక్కిన తరువాత

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే మన కళాశాల ఆవరణలో ‘ఇంక్విలాబ్’ అనే పదానికి అర్థం చెప్పవలసిన పని లేదు. మౌలానా హస్రత్ మొహానీ వంటి వారి నోట నినాదమై వెలువడి, భగత్ సింగ్ కాలానికి దేశమంతటా మారుమ్రోగిన మాట అది. అరబ్బీలో దాని ధాతువుకు మరలుట, తలక్రిందులగుట అని అర్థం. హృదయాన్ని తెలిపే ‘ఖల్బ్’ కూడా ఆ ధాతువునుండి పుట్టినదే. వ్యవస్థ తలక్రిందులైనంత మాత్రాన ఇంక్విలాబ్ పూర్తి కాదనీ, అధికారం చేపట్టిన వారి హృదయంలో ఏమి మారినదన్నది కూడా చూడాలనీ ఈ బంధుత్వం మనకు గుర్తుచేస్తున్నది. ఆ దృష్టితో క్యూబా ద్వీప నాయకుడు ఫిడెల్ కాస్ట్రో జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. మన యువకుల్లో కొందరు ఆయన బొమ్మను గోడకు అంటించి ఆరాధిస్తారు, మరికొందరు నియంత అని ఒక్క మాటతో కొట్టివేస్తారు. చదువుకొన్నవారికి ఈ రెండూ తగిన పనులు కావు.

క్యూబా వైశాల్యంలో నేటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడింట రెండు వంతులు. అమెరికా తీరానికి కేవలం 90 మైళ్ళ దూరంలో ఉన్న ద్వీపం. 1898 వరకు స్పెయిన్ ఏలుబడిలో ఉండి, ఆ పిమ్మట పేరుకు స్వతంత్రమైనా అమెరికా పెట్టుబడిదారుల చెప్పుచేతల్లో నడిచింది. చెరకు తోటలు, చక్కెర మిల్లులు, విద్యుచ్ఛక్తి, టెలిఫోను సంస్థలు చాలావరకు విదేశీయులవే. చెరకు కోత నాలుగైదు నెలలు సాగితే, మిగిలిన కాలమంతా కూలీకి పని లేదు. వానలు ముఖం చాటేసిన యేడు మన మెట్ట ప్రాంతపు కూలీలు పడే పాట్లు ఎరిగిన వారికి ఆ స్థితిని వర్ణించి చెప్పనక్కరలేదు.

1926 ఆగస్టు 13న బిరాన్ అనే గ్రామంలో జన్మించిన కాస్ట్రో పేదవాడు కాడు. తండ్రి స్పెయిన్ నుండి వలస వచ్చి పెద్ద చెరకు భూస్వామిగా ఎదిగినవాడు. కుమారుడు హవానా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1952లో జరుగవలసిన ఎన్నికలలో శాసనసభకు పోటీచేయ సంకల్పించాడు. ఆ యేడు మార్చి 10న బాటిస్టా అనే సైనికాధికారి కుట్రతో అధికారాన్ని హస్తగతం చేసుకొని ఎన్నికలనే రద్దు చేశాడు. ఓటు పెట్టె మూతపడిన తరువాతనే ఆ యువ న్యాయవాది తుపాకి పట్టాడు.

ఇక్కడ మన చరిత్రలోని ఒక విషయం జ్ఞప్తికి వస్తుంది. 1946 నుండి తెలంగాణలో నైజాము పాలనకూ, దేశముఖుల దౌర్జన్యానికీ వ్యతిరేకంగా సాయుధ పోరాటం సాగింది. దానికి నాయకత్వం వహించిన వారిలో మన జిల్లా అలగానిపాడులో 1913లో జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు ప్రముఖులు. ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ ఆ ఉద్యమంలోని వారే. 1951 అక్టోబరులో ఆ పోరాటాన్ని విరమించారు. కొద్ది మాసాలకే వచ్చిన తొలి సాధారణ ఎన్నికలలో ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిగారు నల్లగొండ నుండి నెహ్రూగారికంటే అధికంగా ఓట్లు పొంది లోకసభకు వెళ్ళారు. అంటే, సరిగ్గా అదే కాలంలో మనవారు తుపాకి దించి ఓటు వద్దకు రాగా, ఓటు వద్దకు వెళ్ళబోయిన కాస్ట్రో తుపాకి వద్దకు నెట్టబడ్డాడు. స్వభావాల్లోని తేడాకంటె, ఒకచోట తలుపు తెరిచి ఉండడమూ, మరొకచోట మూసి ఉండడమూ ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఈ తలుపు సంగతిని పాఠకులు మనసులో ఉంచుకోవాలని ప్రార్థన.

1953 జూలై 26న శాంటియాగో నగరంలోని మొంకాడా సైనిక శిబిరంపై కాస్ట్రో అనుచరులు చేసిన దాడి ఘోరంగా విఫలమైంది. పట్టుబడిన వారిలో అనేకులను సైనికులు చంపివేశారు. న్యాయస్థానంలో తన కేసును తానే వాదించుకొన్న కాస్ట్రోకు 15 సంవత్సరాల శిక్ష పడింది. 1955లో ప్రకటించిన క్షమాభిక్షతో విడుదలై మెక్సికో చేరాడు. అక్కడ అర్జెంటీనా వైద్యుడు చే గువేరా పరిచయమయ్యాడు. 1956 డిసెంబరు 2న ‘గ్రాన్మా’ అనే చిన్న పడవలో 82 మంది క్యూబా తీరం చేరగా, సైన్యం చేతిలో పడకుండా సియెర్రా మేస్త్రా కొండలెక్కినవారు ఇరవై మంది అటూ ఇటూ. రెండేండ్లు దాటిన కొద్ది రోజులకే బాటిస్టా 1959 జనవరి 1న దేశం విడిచి పారిపోయాడు. వేలాది సైనికులున్న ప్రభుత్వం అంత త్వరగా కూలిపోవడానికి కారణం కొండలమీది తుపాకులు మాత్రమే కావు. రైతు అన్నం పెట్టి దాచాడు, పట్టణాలలో విద్యార్థులు ప్రాణాలర్పించారు, బాటిస్టాను సమర్థించిన అమెరికాయే 1958 మార్చిలో ఆయుధాల సరఫరా నిలిపివేసింది. ప్రజల మనసులో చచ్చిన ప్రభుత్వం నేలమీద కూలడానికి ఎంతోకాలం పట్టదు.

గద్దెనెక్కిన కాస్ట్రో చేసిన మంచిని తక్కువ చేయడం అన్యాయం. 1959 మే నెలలోని భూసంస్కరణ చట్టం ఒక్కరి చేతిలో ఉండదగిన భూమిని సుమారు వేయి ఎకరాలకు పరిమితం చేసింది. అది ఆయన సొంత కుటుంబపు భూములకు కూడా వర్తించింది. బంధువుల పేర్లమీదికి భూములు మార్చి చట్టాన్ని బోర్లించిన పెద్దలను చూచిన మనకు ఆ మాట విలువ తెలుస్తుంది.

అంతకంటె గొప్పది 1961 నాటి అక్షరాస్యతా ఉద్యమం. బడులు మూసి, సుమారు లక్షమంది విద్యార్థులు లాంతరూ పుస్తకమూ పట్టుకొని పల్లెలకు, కొండ గుడిసెలకు తరలివెళ్ళారు. వారిలో సగానికి పైగా బాలికలు. పగలు రైతుతోపాటు పొలంలో పనిచేసి, రాత్రి అతనికి అక్షరాలు దిద్దించారు. విప్లవ వ్యతిరేకుల చేతిలో కొందరు యువ ఉపాధ్యాయులు హతులయ్యారు. అయినా ఒక్క సంవత్సరంలో 7 లక్షలకు పైగా జనం చదువ నేర్చారు. నిరక్షరాస్యత నూటికి 23 నుండి 4కు తగ్గిందని ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. విప్లవానంతరం ఉన్న వైద్యులలో దాదాపు సగం మంది దేశం విడిచిపోగా, క్రొత్తవారిని తయారుచేసుకొని, పిమ్మట ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకు వైద్యులను పంపే స్థాయికి ఆ చిన్న దేశం ఎదిగింది. 2010ల దశకంలో అక్కడ పుట్టిన వేయిమంది శిశువులలో ఏడాదిలోపు మరణించినవారు అయిదుగురికి లోపే. సంపన్న దేశాలు కూడా గౌరవించవలసిన లెక్క ఇది.

మరి రెండవ ప్రక్క ఏమున్నది? ఎన్నికలు జరుపుతామన్న తొలి వాగ్దానం వాయిదాపడి, వాయిదాపడి, తుదకు మాయమైంది. 1960 నాటికి స్వతంత్ర పత్రికలు లేకుండాపోయాయి. 1965లో ఏర్పడిన కమ్యూనిస్టు పార్టీ తప్ప మరో పార్టీకి తావు లేదు. 1965-68 మధ్య మతవిశ్వాసులను, స్వలింగ సంపర్కులను, ఇంకా అనేకులను నిర్బంధ శ్రమ శిబిరాలకు పంపారు. 1971లో హెబెర్తో పదియా అనే కవిని నిర్బంధించి, బహిరంగంగా ఆత్మవిమర్శ చేయించారు. అప్పటివరకు విప్లవాన్ని అభిమానించిన ప్రపంచ రచయితలనేకులు ఆనాడే దూరమయ్యారు. 1980లో మరియెల్ రేవు నుండి కొద్ది నెలల్లో సుమారు 1,25,000 మంది పడవలెక్కి వెళ్ళిపోయారు. 2003లో 75 మంది అసమ్మతివాదులకు దీర్ఘకాలపు శిక్షలు పడ్డాయి.

వీటన్నిటిలో నన్ను కలవరపెట్టే ఉదంతం ఒకటున్నది. ఊబెర్ మాతోస్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, కొండల్లో కాస్ట్రోతో కలిసి పోరాడిన సేనాని. విప్లవం కమ్యూనిస్టుల వశమవుతున్నదని భావించి, 1959 అక్టోబరులో తన పదవికి రాజీనామా పత్రం వ్రాశాడు. దానికి ప్రతిఫలం 20 సంవత్సరాల కారాగారం. మొత్తం శిక్ష అనుభవించి 1979లో బయటకు వచ్చాడు. దీని ప్రక్కన సుందరయ్యగారి జీవితాన్ని పెట్టి చూడండి. ఎమర్జెన్సీ కాలంలో తన పార్టీ అనుసరిస్తున్న విధానంతో ఏకీభవించలేక, అఖిల భారత ప్రధాన కార్యదర్శి పదవినే ఆయన త్యజించారు. పదవి వదలి, పార్టీ వదలక, 1985లో మరణించేదాకా ప్రజల మధ్యనే పనిచేశారు. రాజీనామా పత్రం వ్రాసినవాడు క్షేమంగా ఇంటికి పోగలగడం ఒక రాజకీయ వ్యవస్థకు గొప్ప పరీక్ష.

కాస్ట్రో పక్షాన చెప్పే సమాధానాన్ని కూడా న్యాయంగా వినాలి. 1961 ఏప్రిల్‌లో అమెరికా గూఢచారి సంస్థ శిక్షణ ఇచ్చిన సుమారు 1,400 మంది బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగి దాడి చేశారు. ఆయనను చంపడానికి ఆ సంస్థ పన్నిన కుట్రలు 1975లో అమెరికా సెనేటు విచారణలోనే బయటపడ్డాయి. 1962 నుండి సంపూర్ణ వాణిజ్య నిషేధం అమలైంది. దానిని ఖండిస్తూ 1992 మొదలు ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఏటేటా తీర్మానిస్తూ వచ్చింది. ముట్టడిలో ఉన్న కోటకు ద్వారాలు మూసుకొనక తప్పదని వారి వాదం.

ఈ వాదంలో సత్యం లేకపోలేదు. కాని ముట్టడి పేరుతో మూసిన తలుపు లోపలివారికి కూడా మూతపడుతుంది. 1970లో కోటి టన్నుల చక్కెర తీయాలన్న లక్ష్యంతో కాస్ట్రో దేశాన్నంతటినీ చెరకు తోటల్లోకి దించాడు. వచ్చినది 85 లక్షల టన్నులు. తక్కిన పరిశ్రమలన్నీ కుంటుపడ్డాయి. అది అమెరికా చేసిన నష్టం కాదు. నాయకుని సంకల్పానికి ఎదురుచెప్పి నిలువగల పత్రిక గాని, ప్రతిపక్షం గాని లేనందున వచ్చిన నష్టం. వైఫల్యాన్ని ఆయన బహిరంగంగానే అంగీకరించాడు. కాని అంగీకరించిన నాయకుని మార్చే అధికారం ప్రజలకు లేదు. 1959 నుండి 2006లో అనారోగ్యం వచ్చేవరకు అధికారం ఆయన చేతిలోనే ఉండి, తరువాత తమ్ముడు రౌల్ చేతికి పోయింది. బాటిస్టా మూసిన తలుపును తెరవడానికి తుపాకి పట్టినవాడు, 2016 నవంబరు 25న కన్నుమూసే నాటికి కూడా ఆ తలుపును తెరవలేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిన పిమ్మట ఆకలి, 2021 జూలైలో వీధులకెక్కిన జనం, ఆ తరువాత లక్షల సంఖ్యలో వలసలు ఆ మూసిన తలుపు వెనుక కథలే.

అక్షరం విషయంలో మన ప్రాంతపు అనుభవం క్యూబాకు కూడా పాఠం చెప్పగలదని నేను గర్వంగా అంటాను. 1990ల ఆరంభంలో మన జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. ఉదయగిరి ప్రాంతంలోని దూబగుంటలో రాత్రిబడిలో చదువుకొన్న స్త్రీలు తమ పాఠంలో సారా వలన నాశనమైన కుటుంబాల గోడు చదివారు. చదివి ఊరకుండక, రోశమ్మ వంటివారు ముందు నడువగా, ఊరిలోని సారా అంగడిని మూయించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా వ్యాపించి సారా వేలంపాటలను అడ్డుకొన్నది. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పినదీ ప్రభుత్వమే, సారా వేలంతో ఖజానా నింపుకొన్నదీ ప్రభుత్వమే. నేర్చిన అక్షరంతో ఆ స్త్రీలు నేర్పినవారినే నిలదీసి గెలిచారు. క్యూబా రైతుకు లభించనిది ఈ రెండవ పాఠమే. చదువ నేర్పిన ప్రభుత్వం, ఏమి చదవాలో తానే నిర్ణయించింది.

ఇది చదివి మన ప్రజాస్వామ్యం నిర్దోషమని సంబరపడనక్కరలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేండ్లకే 1997లో సడలిపోయింది. మన పల్లెల్లో ఓటు ఉన్నా వైద్యుడు లేని ఊళ్ళున్నాయి. క్యూబాలో వైద్యుడున్నా, వేరొకరికి వేసే ఓటు లేదు. ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొమ్మని మనలను నిర్బంధించే వారెవరైనా, వారి మాటను అనుమానించాలి. రెండూ కోరే హక్కు మనిషికి ఉన్నది.

కనుక విద్యార్థి మిత్రులకు, కళాశాల సంఘ సభ్యులైన పెద్దలకు రెండు సూచనలు విన్నవిస్తున్నాను. మొదటిది, వేసవి సెలవులలో ఒక మాసం మన విద్యార్థినీ విద్యార్థులు జట్లుగా చుట్టుప్రక్కల పల్లెలకు వెళ్ళి, చదువురాని పెద్దలకు తెలుగు గాని, ఉర్దూ గాని, వారు కోరిన లిపి నేర్పాలి. వెళ్ళివచ్చే ఖర్చు, పలకలు, పుస్తకాలు కళాశాల సంఘం భరించాలి. రెండవది, గ్రంథాలయం ముందు ఒక గోడపత్రిక పెట్టి, అందులో విద్యార్థులు అధ్యాపకులను, సంఘాన్ని, ఈ వ్యాసకర్తను కూడా ప్రశ్నించే స్వేచ్ఛ ఇవ్వాలి. పేరు పెట్టి ప్రశ్నించిన విద్యార్థికి హాజరులో గాని, మార్కులలో గాని, ప్రవర్తనా పత్రంలో గాని ఏ హానీ జరుగదని సంఘం వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. నెలకొకసారి ఆ ప్రశ్నలకు అదే గోడమీద సంతకంతో సమాధానం వ్రాయాలి. మొదటి సూచనను అందరూ మెచ్చుకొంటారని నాకు తెలుసు. రెండవదానిని కూడా వచ్చే విద్యాసంవత్సరం ఆరంభానికే అంగీకరించవలసిందిగా పెద్దలను కోరుతున్నాను.