క్రీడాలోకం: ఎవరిని ఉంచుకోవాలి? ఎవరిని వదులుకోవాలి?

ఫుట్‌బాల్ అనగానే మన పాఠకుల మనసులో మెదిలేది కాలితో బంతిని తన్నే ఆట. అమెరికావారు అదే పేరుతో పిలుచుకునే ఆట వేరు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసురుతూ, అడ్డువచ్చిన వారిని తప్పించుకుంటూ గజం గజంగా ముందుకు సాగే ఆట అది. మన ఉద్యోగ కుటుంబాల పిల్లలు ఎందరో నేడు ఆ దేశంలో స్థిరపడ్డారు. వారి బిడ్డలు ఫోనులో తాతలకు, అమ్మమ్మలకు ఆ జట్ల ముచ్చట్లే చెబుతున్నారు. మా బంధువర్గం న్యూజెర్సీలో ఉన్నందున, అక్కడి మైదానంలోనే ఆడే న్యూయార్క్ జెయింట్స్ మాకు అభిమాన జట్టయింది. ఈసారి ఆ ఆటను గురించి కాక, ఆట లేని నెలలను గురించి ముచ్చటించదలచాము.

అక్కడ పోటీలు సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో జరిగే సూపర్ బౌల్‌తో ముగుస్తాయి. మార్చి నెలలో కొత్త సంవత్సరపు పద్దు తెరుస్తారు. ఎవరి ఒప్పందం పొడిగించాలి, ఎవరిని సాగనంపాలి, ఎవరిని కొత్తగా తెచ్చుకోవాలి అన్న నిర్ణయాలు అప్పటి నుండి ఆగస్టు చివరి దాకా సాగుతాయి. చివరకు జట్టులో మిగిలేది 53 మంది. అభిమానికి అసలు పరీక్షాకాలం ఇదే. మైదానంలో ఓడితే వచ్చే వారం గెలుస్తామన్న ఆశ ఉంటుంది. పద్దులో చేసిన పొరపాటు మాత్రం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

పరిమితి పుట్టుక

ఈ నిర్ణయాలన్నింటి మీదా ఒక గీత ఉంది. దానినే శాలరీ క్యాప్ అంటారు. ఏ జట్టయినా తన ఆటగాళ్ళందరి జీతాలకు కలిపి ఏడాదికి పద్దులో చూపదగిన గరిష్ఠ మొత్తం అది. మొదటిసారి 1994లో దానిని 3 కోట్ల 46 లక్షల డాలర్లుగా నిర్ణయించారు. 2024లో అది 25 కోట్ల 54 లక్షలకు, 2025లో 27 కోట్ల 92 లక్షలకు చేరింది. ధనిక జట్టుకైనా, సామాన్య జట్టుకైనా ఆ గీత ఒక్కటే. 32 జట్లకూ అదే వర్తిస్తుంది.

ఇది యజమానులు ఏకపక్షంగా విధించిన ఆంక్ష కాదన్న సంగతి మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. 1987లో ఆటగాళ్ళ సంఘం సమ్మె చేసింది. యజమానులు బదిలీ ఆటగాళ్ళతో మూడు వారాలు పోటీలు నడిపి ఆ సమ్మెను నీరుగార్చారు. తరువాత పోరాటం న్యాయస్థానాలకు మారింది. చివరకు 1993లో ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. గడువు తీరిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్ళే స్వేచ్ఛ ఆటగాళ్ళకు దక్కింది. మొత్తం జీతాలకు పరిమితి యజమానులకు దక్కింది. 2020లో కుదిరిన ఒప్పందం ప్రకారం రాబడిలో దాదాపు 48 శాతం ఆటగాళ్ళ వాటా. రాబడి పెరిగిన కొద్దీ పరిమితీ పెరుగుతుంది. వేతన ఒప్పందాల చర్చలు ఎరిగిన మనకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్త కాదు.

తరుగుదల కిటుకు

పరిమితి ఒక్కటే అయినా దానిని వాడుకునే నేర్పు అందరికీ ఒక్కటి కాదు. ఒప్పందం కుదిరిన రోజున ఆటగాడికి ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తాన్ని జట్టు తన పద్దులో గరిష్ఠంగా ఐదేళ్ళకు పంచి చూపవచ్చు. మన అకౌంట్స్ విభాగం మిత్రులకు ఇది ఇట్టే అర్థమవుతుంది. యంత్రాన్ని కొన్న ఏడాదే దాని ఖరీదంతా ఖర్చు రాయరు కదా! ఏటేటా తరుగుదల రాస్తారు. అయితే గడువుకు ముందే యంత్రాన్ని తుక్కు కింద తీసివేస్తే మిగిలిన విలువ ఒక్కసారిగా ఖాతాపై పడుతుంది. ఇక్కడా అంతే. ఆటగాడు ముందుగానే వెళ్ళిపోతే మిగిలిన భాగం జట్టు పరిమితిలోంచి కోతపడుతుంది. మనిషి ఉండడు, లెక్క ఉంటుంది. దీనిని వారు డెడ్ మనీ అంటారు.

డెన్వర్ బ్రాంకోస్ అనుభవం ఇందుకు తార్కాణం. 2022లో రసెల్ విల్సన్‌తో 24 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం చేసుకుని, 2024 మార్చిలో అతడిని పంపివేశారు. ఆ కారణంగా రెండేళ్ళలో దాదాపు 8 కోట్ల 50 లక్షల డాలర్లు లేని మనిషి పేర పద్దులో మోయవలసి వచ్చింది. అప్పు చేసి పప్పు కూడు తినడమంటే ఇదే. చెల్లింపు గడువు వాయిదా పడుతుందే తప్ప బాకీ రద్దు కాదు.

బార్క్‌లీ ఉదంతం

ఇక మా గోడు. జెయింట్స్ 2018లో సేక్వాన్ బార్క్‌లీ అనే యువకుడిని కళాశాల ఆటగాళ్ళ ఎంపికలో రెండవ స్థానంలో తీసుకున్నారు. అతడు రన్నింగ్ బ్యాక్, అంటే బంతిని చేతబట్టి ప్రత్యర్థుల మధ్యగా దూసుకుపోయేవాడు. తొలి ఏడాదే ఉత్తమ నూతన ఆటగాడిగా పురస్కారం పొందాడు. 2020లో మోకాలికి పెద్ద గాయమైంది. కోలుకుని 2022లో 1,312 గజాలు పరుగెత్తి, జట్టును చాలాకాలానికి ప్లేఆఫ్ దశకు చేర్చడంలో ప్రధాన పాత్ర వహించాడు.

2023 మార్చిలో జట్టు ముందు రెండు సమస్యలు నిలిచాయి. బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్, బార్క్‌లీ ఇద్దరి ఒప్పందాలూ ముగిశాయి. జోన్స్‌ను మరొక ఏడాది సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అట్టిపెట్టుకునే హక్కు జట్టుకు ఉండేది. అంతకు ముందు ఏడాదే దానిని వదులుకున్నారు. అతడు ఒక్క ఏడాది బాగా ఆడేసరికి నాలుగేళ్ళకు 16 కోట్ల డాలర్లు రాసి ఇచ్చారు. బార్క్‌లీకి మాత్రం ఫ్రాంచైజ్ ట్యాగ్ తగిలించారు. ఆటగాడిని నిర్ణీత జీతానికి ఒక ఏడాది కదలకుండా ఉంచే నిబంధన అది. 2023లో రన్నింగ్ బ్యాక్‌కు ఆ జీతం 1 కోటి 91 వేల డాలర్లు, క్వార్టర్‌బ్యాక్‌కు 3 కోట్ల 24 లక్షలు.

ఫలితం? 2023లో జోన్స్ ఆరు ఆటలే ఆడి గాయాలపాలయ్యాడు. 2024 మార్చిలో బార్క్‌లీని జట్టు నిలుపుకోలేదు. అతడు మూడేళ్ళకు 3 కోట్ల 77 లక్షల 50 వేల డాలర్లకు ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో చేరాడు. అది మా చిరకాల ప్రత్యర్థి జట్టు! బార్క్‌లీ అక్కడికి వెళితే తనకు నిద్ర పట్టదని జెయింట్స్ అధినేతలలో ఒకరైన జాన్ మారా తమ అధికారులతో అన్న మాట ఆ వేసవి టెలివిజన్ ధారావాహికలో అందరూ విన్నారు. ఆయన భయమే నిజమైంది. 2024 అక్టోబరులో మా మైదానానికే వచ్చి బార్క్‌లీ 176 గజాలు పరుగెత్తాడు. ఆ ఏడాది మొత్తం 2,005 గజాలు సాధించాడు. 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన 2,105 గజాల రికార్డుకు నూరు గజాల దూరంలో ఉండగా, చివరి ఆటలో అతడికి విశ్రాంతినిచ్చారు. ఆ ఆటలో ప్రత్యర్థి మరెవరో కాదు, జెయింట్సే. 2025 ఫిబ్రవరి 9న, తన పుట్టినరోజునాడే, బార్క్‌లీ సూపర్ బౌల్ విజేత అయ్యాడు. జెయింట్స్ ఆ ఏడాది 17 ఆటలలో గెలిచింది మూడే. జోన్స్‌ను 2024 నవంబరులోనే పంపివేశారు.

తప్పు ఎక్కడ?

పెరటి చెట్టు మందుకు పనికిరాలేదని అభిమానులు ఆక్రోశించారు. మేమూ బాధపడ్డాము. కాని బాధ వేరు, తీర్పు వేరు. బార్క్‌లీని వదలడమే మహాపరాధమన్న వాదనతో మేము ఏకీభవించము. 2023లో జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్‌లను ప్రత్యర్థులు 85 సార్లు పడగొట్టారు. బంతి పట్టినవానికి దారి చేసే ముందువరుస అంత బలహీనంగా ఉంటే ఎంతటి వీరుడైనా ఎక్కడికి పరుగెత్తగలడు? ఆ ఏడాది బార్క్‌లీ సాధించింది 962 గజాలే. ఫిలడెల్ఫియాలో అతడికి లేన్ జాన్సన్, జోర్డన్ మైలాటా వంటి వారి అండ దొరికింది. మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడినవాడు. 2018లో చివరి విడతలో ఎంపికైన నాటికి ఈ ఆట ఒక్కసారి కూడా ఆడి ఎరుగడు. ఈగల్స్ అతడికి ఓపికగా తర్ఫీదు ఇచ్చుకున్నారు. ముందు దారి వేసుకుని, ఆ తరువాత పరుగెత్తేవాడిని తెచ్చుకున్నారు.

కాబట్టి ఆటగాడిని వదులుకోవడం తప్పా ఒప్పా అన్నది మిగిలిన సొమ్ము ఎటు పోయిందన్న దానిపై ఆధారపడుతుందని మా అభిప్రాయం. కాన్సస్ సిటీ చీఫ్స్‌ను చూడండి. 2022 మార్చిలో మెరుపు వంటి టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చివేశారు. మయామీ అతడికి నాలుగేళ్ళకు 12 కోట్ల డాలర్లు ఇచ్చింది. బదులుగా చీఫ్స్‌కు ఐదు ఎంపిక అవకాశాలు వచ్చాయి. ట్రెంట్ మెక్‌డఫీ వంటి చవకైన యువకులతో జట్టును తిరిగి కట్టుకున్నారు. 2023లో, 2024లో వరుసగా సూపర్ బౌల్ గెలిచారు. అక్కడ వీడ్కోలు వెనుక ఒక పథకం ఉంది.

మా జట్టు లెక్క చూస్తే, బార్క్‌లీ స్థానంలో వచ్చిన డెవిన్ సింగిల్‌టరీకి మూడేళ్ళకు 1 కోటి 65 లక్షల డాలర్లు. ఆదా ఏడాదికి దాదాపు 70 లక్షలు. జోన్స్‌కు ఇవ్వజూపింది ఏడాదికి 4 కోట్లు. అదే జోన్స్ 2025లో ఇండియానాపోలిస్‌కు 1 కోటి 40 లక్షల స్థిర జీతంతో ఒక ఏడాది ఒప్పందంపై వెళ్ళి, డిసెంబరులో గాయపడేవరకు ఆ జట్టును చక్కగా నడిపాడు. అంటే మనిషిలో దోషం లేదు, ధరలో ఉంది. తొందరపడి రాసిన ఒక పెద్ద ఒప్పందం ఇంకెన్ని చిన్న నిర్ణయాలను బలిగొంటుందో ఈ ఉదంతం చాటుతోంది.

ఆటగాడి పక్షం

ఇందులో మరొక న్యాయం కూడా ఆలోచించాలి. రన్నింగ్ బ్యాక్ శరీరం ప్రతి ఆటలోనూ దెబ్బలు తింటుంది. ముప్ఫై ఏళ్ళకే అతడిని వృద్ధుడంటారు. తొలి ఒప్పందం సాగే ఏళ్ళలోనే అతడి సత్తువ అత్యధికం, జీతం అత్యల్పం. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకుందామని అతడు కొత్త ఒప్పందం అడిగే వేళకు ట్యాగ్ తగిలించి మరొక ఏడాది ఆపుతారు. ఆపైన వయసు మీరిందంటారు. జీతం గత సేవకా, రాబోయే సేవకా అన్నది ఏ కొలువులోనైనా చిక్కు ప్రశ్నే. జట్లు రాబోయే సేవకే ఇస్తామంటే తప్పుపట్టలేము. అలాగైతే సేవ చేస్తున్న నాడే తగిన జీతం ఇవ్వాలి. ఫలం ముందుగా పుచ్చుకుని, వెల చెల్లించే వేళకు వయసు చూపడం ధర్మం కాదు. ఫ్రాంచైజ్ ట్యాగ్‌ను రన్నింగ్ బ్యాక్‌లకైనా ఎత్తివేయాలని, లేదా వారి తొలి ఒప్పందం గడువు తగ్గించాలని మా సూచన. ఆటగాళ్ళ సంఘం వచ్చే చర్చలలో దీనిని పట్టుపట్టవలసి ఉంది.

బార్క్‌లీకి 2025 మార్చిలో ఈగల్స్ మరి రెండేళ్ళకు 4 కోట్ల 12 లక్షల డాలర్లు రాశారు. ఆ ఏడాది అతడి పరుగు బాగా తగ్గింది. అది కూడా ఈ లెక్కలో భాగమే. అయినా ఒక విజయోత్సవం వారికి దక్కింది, మాకు పాఠం మిగిలింది. పరిమితి ఉన్నచోట ప్రతి రూపాయీ ఒక ఎంపికే. ఒకరికి ఎక్కువ రాసే ముందు, ఆ కాగితం మీద పేరు లేని మరొకరు ఎవరు వెళ్ళిపోతారో చూసుకోవాలి. వచ్చే మార్చిలో మా జెయింట్స్ ఆ జాగ్రత్త పాటిస్తారని ఆశిస్తున్నాము. పాటించకపోయినా వారి ఆట చూడడం మానలేము. అభిమానానికి మాత్రం ఎవరూ పరిమితి విధించలేదు కదా!