వేరుసెనగకు సున్నమా, జిప్సమా?

మన యిండ్లలో పఱచు కడప నాపరాయి, గోడలకు పూయు సుద్ద, నత్తగుల్ల, కోడిగ్రుడ్డు పెంకు, ఇవి చూపునకు వేఱైనను వీనిలో ప్రధానమైన పదార్థ మొక్కటే. దానిని కాల్షియం కార్బొనేటు అందురు. స్వచ్ఛమైన దానిని నూఱుపాళ్లు కాల్చినచో 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా పోయి, 56 పాళ్లు పొడిసున్నము మిగులును.

చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎఱ్ఱనేలలలో వేరుసెనగ గింజ నిండనప్పుడు సున్నము చల్లుదుమని తలచు రైతులు కలరు. ఇది సరికాదని మా అభిప్రాయము. కాయకు వలయు కాల్షియము ఆకులనుండి దిగిరాదు. ఊడలు, కాయలు తామే చుట్టునున్న మట్టినుండి గ్రహింపవలెను. సున్నపురాతిపొడి నీట దాదాపు కరగదు. జిప్సము లీటరునకు సుమారు 2 గ్రాములు కరగును, గంధకము నిచ్చును. కావున ఎకరమునకు 200 కిలోల జిప్సము తొలిపూతలో మొదళ్లచెంత వేసి మన్ను ఎగదోయవలెను.

సున్నము పులుపునేలలకే తగును. సున్నముగల నేలలో మరల వేసినచో ఇనుము అందక లేతాకులు పసుపుబాఱును. పొడిమట్టిపై నిమ్మరసము పిండుడు. పొంగినచో ఆ నేలకు సున్నమక్కఱలేదు. పొంగకున్నను భూసారపరీక్ష లేక వేయరాదు.

సంఘములు ఎరువుబస్తాలు తెప్పించుటకు ముందే సభ్యుల పొలములనుండి మట్టి నమూనాలు సేకరించి పరీక్షకు పంపవలెనని మా మనవి. రైతు సొమ్ము వృథాకాకుండుటకు ఇదియే మార్గము.