కోటిపల్లి టికెట్ల లెక్క

కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలుదారి ఉంది. రామచంద్రపురం, ద్రాక్షారామం దాటి గోదావరి గౌతమీపాయ దగ్గర అది ఆగిపోతుంది. రేవులో పంటు ఎక్కితే అవతల ముక్తేశ్వరం, అంటే కోనసీమ. ఈ దారిని మొదట 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసమని 1940లో పట్టాలు పీకి పట్టుకెళ్లారు. మళ్లీ పట్టాలు పడి బండి నడిచేసరికి 2004 వచ్చింది. పీకిన ఏడు పుట్టిన పిల్లవాడు అరవై నాలుగేళ్ల మనిషయ్యాక గానీ తన ఊళ్లో రైలు కూత వినలేదు.

అలా వచ్చినది ఒకే పెట్టె ఉన్న రైలుబస్సు. 2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా ప్రయాణికుల బళ్లు ఆగినప్పుడు అదీ ఆగింది. తర్వాత మిగతా బళ్లు ఒక్కొక్కటే పట్టాలెక్కాయి. వాటితో పాటు ఇది రాలేదు.

రైల్వే లెక్కలు చదవడమే పనిగా బతికినవాణ్ణి. ఈ మార్గం గురించి నాకున్న భయం ఆ లెక్కల దగ్గరే మొదలవుతుంది. పట్టాలు పీకేటప్పుడు ఊరంతా చూస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. బండి రాకుండా పోతే అడిగేవాళ్లు ఏడాదికేడాది తగ్గుతారు. చివరికి ‘ఇక్కడ ప్రయాణికులు లేరు’ అని ఒక వాక్యం ఫైల్లోకి ఎక్కుతుంది. దాని పక్కన అంకెలు కూడా ఉంటాయి.

ఆ అంకెలు ఎలా పుడతాయో చూడండి. 2017లో రైల్వే తెచ్చిన వర్గీకరణలో స్టేషన్ స్థాయిని అక్కడ అమ్మిన టికెట్ల రాబడి, అక్కడ ఎక్కిన ప్రయాణికుల సంఖ్య చూసి నిర్ణయిస్తారు. హాల్టు స్టేషన్లలో ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు, లక్ష మంది లోపు ఉన్నవి ఆఖరి తరగతి. ఆర్డినరీ టికెట్ కనీస ధర 10 రూపాయలు. ఆ ధరకు 5 లక్షలు రావాలంటే ఏడాదికి 50 వేల టికెట్లు తెగాలి, అంటే రోజుకు 137. చిన్న ఊళ్లో ప్రతిరోజూ అంతకు కాస్త తక్కువ మంది బండెక్కినా ఆ ఊరి స్టేషన్ బాగా ఉపయోగపడుతున్నట్టే. కాగితం మీద మాత్రం అది అడుగునే ఉంటుంది. పేదవాడికి అందుబాటులో ఉండాలని టికెట్ ధర తగ్గించి, ఆ తగ్గిన రాబడితోనే స్టేషన్ విలువ కట్టడం నాకు ఎన్నడూ న్యాయంగా తోచలేదు.

పైగా దిగేవాళ్లు ఈ లెక్కలో ఉండరు. ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనానికి కార్తీక సోమవారం వచ్చే భక్తుడు కాకినాడలో రానూపోనూ టికెట్ తీసుకుంటే, ఆ రెండు ప్రయాణాలూ కాకినాడ ఖాతాకే చేరతాయి. నెలవారీ సీజన్ టికెట్‌దీ ఇదే కథ. దాన్ని పెద్ద స్టేషన్ కౌంటర్లో కొంటే పల్లెలో రోజూ ఎక్కే మనిషి లెక్కకు కనిపించడు. యాత్రాస్థలంలో ఎక్కేవాళ్లను మాత్రమే లెక్కపెడితే సగం బొమ్మే కనిపిస్తుంది.

ధరల సంగతీ ఉంది. కరోనా తర్వాత ప్యాసింజర్ బళ్లను ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో నడపడంతో కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 అయింది. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ 10కి దిగలేదు. ఈలోపు పెద్దాసుపత్రికి వెళ్లే ముసలమ్మ ఆటోకు, కాలేజీ కుర్రాడు బస్సుకు అలవాటు పడతారు. అలవాటు మారాక ధర తగ్గించినా జనం వెంటనే వెనక్కి రారు. అందుకే 2020 తర్వాతి టికెట్ల సంఖ్యతో ఏ చిన్న స్టేషన్ గిరాకీనీ తూచకూడదంటాను. బండే లేని కోటిపల్లి మార్గానికైతే తూచడానికి సంఖ్య కూడా లేదు.

ఇలాంటి లెక్కతో నష్టపోయిన దేశం ఒకటుంది. బ్రిటన్‌లో 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూయాలంది. దానికి ఆధారమైన ప్రయాణికుల లెక్క 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం రోజులది. వేసవిలో సముద్రతీరాలకు కిక్కిరిసి వెళ్లే బళ్ల రద్దీ ఏప్రిల్ వారంలో ఎక్కణ్ణుంచి కనిపిస్తుంది? ఇంకో సంగతి తర్వాత బయటపడింది. కొసలైన్లు మూస్తే జనం సొంత వాహనంలో పెద్ద స్టేషన్‌కు వచ్చి రైలెక్కుతారనుకున్నారు. చాలామంది కారు తీశాక గమ్యం దాకా అందులోనే పోయారు. పిల్లకాలువకు అడ్డుకట్ట వేశాక పెద్దకాలువలో నీరు తగ్గింది.

కోటిపల్లి విషయంలో పణం ఇంకా పెద్దది. అక్కణ్ణుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి నరసాపురం చేరే 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి దానికోసం పాటుపడ్డారు. 2002లో ఆయన పోయారు. ఆ లైను పూర్తయిన రోజున కోటిపల్లి మధ్య స్టేషన్ అవుతుంది, కోనసీమకు రైలు వస్తుంది. ఈలోగా వెనకున్న 45 కిలోమీటర్లకే గిరాకీ లేదని తేలిస్తే, ముందున్న 57 కిలోమీటర్లకు డబ్బు అడిగేవాడి చేతిలో ఏం మిగులుతుంది?

బండి తిరగని దారిలో కంకర మధ్య మట్టి చేరుతుంది, గడ్డి పెరుగుతుంది, గేట్ల దగ్గర పట్టాల సందుల్లో రోడ్డు మట్టి కూరుకుపోతుంది. మరమ్మతు ఖర్చు ఏటా పెరుగుతుంది. ఆ ఖర్చే మళ్లీ బండి నడపకపోవడానికి కారణమై కూర్చుంటుంది.

అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. జనం కాకినాడలో పనికి అందుకునే వేళకు పొద్దున ఒక బండి, సాయంత్రం తిరుగు బండి, ఏడాది పాటు నడపాలి. అందులో కార్తీకం, సంక్రాంతి, మహాశివరాత్రి అన్నీ రావాలి. ప్రతి స్టేషన్లో ఎక్కినవాళ్లనూ దిగినవాళ్లనూ మనిషిని పెట్టి లెక్కించి, ఆ పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలి. బండి వచ్చేదాకా ఆగనక్కర్లేని లెక్క కూడా ఒకటుంది. కోటిపల్లి రేవులో పొద్దున పంటు దిగి కాకినాడ వైపు వెళ్లేవాళ్లెందరో రామచంద్రపురం కాలేజీ పిల్లలు ఒక వారం నిలబడి రాసుకోగలరు. తర్వాత కార్తీకంలో ఇంకో వారం.